చిల్లు పడిన బోటుని ఒడ్డుకి చేర్చడం: నడిసముద్రంలో నీళ్ళు ఆపే పద్ధతులు

నేను మొదటిసారి వేటకి వెళ్ళినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మా చిన్నాన్న మరబోటు మీద, విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి. మూడో రాత్రి, భీమిలికి ఎదురుగా బాగా లోపల ఉన్నాం. ఇంజన్ గదిలో చెక్కల మీదికి నీళ్ళొచ్చేశాయి. నలుగురు కలాసీలూ నేనూ బకెట్లు పట్టుకుని వరసకట్టి తోడుతున్నాం. ఎంత తోడినా తగ్గట్లేదు. చిన్నాన్న మాత్రం బకెట్ ముట్టుకోలేదు. టార్చి పట్టుకుని కిందికి దిగి, నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఏట్రా అలా సూస్తన్నావు? ఇంజన్ ఆపు ముందు" అని అరిచాడు. ఇంజన్ ఆగింది. రెండు నిమిషాల్లో నీళ్ళు పెరగడం కూడా ఆగింది. ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్ళ పైపు క్లిప్పు ఊడిపోయి ఉంది. అంటే మేం పైన తోడుతుంటే, మా ఇంజనే కింద బోటులోకి నీళ్ళు పోస్తోంది. తోడేవాళ్ళం ఐదుగురం, వెతికినవాడు ఒక్కడే.

లీకు అనగానే చిల్లు, చిల్లు అనగానే బకెట్ గుర్తొస్తాయి. ఆ వరస తప్పు. అసలు వరస ఇది: మనుషులు, వెతకడం, తగ్గించడం, ఆ తర్వాతే తోడటం. "తగ్గించడం" అన్నది కావాలనే. నడిసముద్రంలో చిల్లుని పొడిగా మూసేయాలని కూర్చుంటే అవదు. లోపలికొచ్చే నీళ్ళు మీ పంపు తోడే నీళ్ళకంటే తక్కువైతే చాలు, బోటు తేలుతుంది. బట్టపీలిక పెట్టి సగం ఆపినా గెలిచినట్టే.

ఎంత వేగంగా వస్తాయి

ఈ లెక్క ఒక్కసారి బుర్రలో పడితే కంగారు సగం తగ్గుతుంది. నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళం వెడల్పు చిల్లు పడితే నిమిషానికి సుమారు 60 లీటర్లు వస్తాయి. అంటే 15 లీటర్ల బకెట్లు నాలుగు. ఒక మనిషి తోడెయ్యగలడు. అదే చిల్లు రెండు అంగుళాలైతే రెట్టింపు కాదు, నాలుగింతలు: దాదాపు 250 లీటర్లు. నిమిషానికి పదహారు, పదిహేడు బకెట్లు. అది చేతులతో అయ్యే పని కాదు. గంటకి 7500 లీటర్లు తోడుతుందని డబ్బా మీద రాసి ఉన్న కరెంటు పంపు కూడా, బ్యాటరీ కొత్తదైనా, నిమిషానికి 125 లీటర్లే తోడుతుంది. నీళ్ళని పైకెత్తాలి, వైరు పొడవుగా ఉంటుంది, కాబట్టి నిజంగా తోడేది అంతకన్నా తక్కువే.

లోతు సంగతి వేరు. చిల్లు రెండడుగుల లోతు నుంచి ఆరంగుళాల లోతుకి వస్తే నీళ్ళు సగమే వస్తాయి. ఇది ఊరికే దొరికే సగం. చిల్లు ఎడమ పక్కన ఉంటే వలలు, ఐసు పెట్టెలు, మనుషులు అందరూ కుడి పక్కకి. బోటు ఒరిగి చిల్లు పైకి తేలుతుంది. ఒక్కోసారి నీళ్ళలోంచి పూర్తిగా బయటికే వచ్చేస్తుంది. చేపలు పారబోయాల్సొచ్చినా పారబోయండి, మళ్ళీ పట్టుకోవచ్చు. మరీ ఎక్కువ ఒరగనివ్వకండి, లోపల నీళ్ళున్న బోటు ఒక్క కెరటానికి తిరగబడుతుంది.

మొదటి రెండు నిమిషాలు

అందరికీ లైఫ్ జాకెట్లు. తలలు లెక్కపెట్టండి. బోటు వేగం తగ్గించండి, ముందుకి దూసుకెళ్తుంటే ముందువైపు చిల్లులోంచి నీళ్ళు ఇంకా జోరుగా కొడతాయి. బ్యాటరీని ఎత్తులో పెట్టండి, అది మునిగిందంటే పంపూ పోయింది, రేడియో కూడా పోయింది.

ఒకడు రేడియో దగ్గర కూర్చోవాలి. వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్‌లో మీ బోటు పేరు, జీపీఎస్ అంకెలు, ఎంతమంది ఉన్నారు, ఏం జరిగింది, అంతే చెప్పండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే డాట్ పరికరం ఉంటే దాని బటన్. "చిన్న లీకే కదా, పరువు పోతుంది" అని ఆగొద్దు. లీకు ఆగిపోయాక "సర్దుకుంది" అని మళ్ళీ చెప్తే ఎవరూ ఏమీ అనరు. పక్కనున్న బోట్లకి కేకేయడం అన్నిటికంటే ముందు, మన తీరంలో కోస్ట్ గార్డ్ కంటే ముందు వచ్చేది పక్క బోటే.

ఎక్కడినుంచి వస్తోంది

ముందు నాలిక. నీళ్ళ మీద డీజిల్ తెట్టె లేకపోతేనే. గట్టి ఉప్పగా ఉంటే సముద్రం. ఉప్పు తక్కువగా, నీచుగా ఉంటే చేపల గదిలో ఐసు కరిగి కిందికి దిగిన నీళ్ళు, అప్పుడు కాలవ పూడిందేమో చూసుకుంటే సరిపోతుంది. చేపల గదిలో కుళ్ళు వాసన కొడుతుంటే ఒక్కడే దిగొద్దు. అందులో పట్టే గాలికి మనిషి అరవకుండానే పడిపోతాడు.

తర్వాత ఇంజన్. నడుస్తున్నప్పుడే నీళ్ళు పెరిగి, ఆపగానే ఆగితే, చల్లబరిచే పైపు గానీ, బోటుని నడిపే ఫ్యాను షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా ప్యాకింగ్ పెట్టి బిగించిన గ్లాండ్ గానీ. ఇంజన్ ఆపినా పెరుగుతుంటే బోటు ఒంట్లోనే ఏదో ఉంది. వెనక నుంచి ముందుకి, కింది నుంచి పైకి చెయ్యి తడుముతూ వెళ్ళండి. కంటికి కనపడని చోట వేలికి చల్లగా పారే ధార తగులుతుంది. చుక్కాని ఇరుసు, సముద్రపు నీళ్ళు తీసుకునే వాల్వులు, ఫైబర్ బోటయితే నీళ్ళు వదిలే బిరడా, వరసగా చూడండి. ఫైబర్ బోట్లలో ఆ బిరడా పెట్టడం మరిచిపోయి సముద్రంలోకి దిగినవాళ్ళని నేను ఒకరిని కాదు, చాలామందిని చూశాను. చెప్పుకోరంతే.

పైపు, గ్లాండ్: తేలికగా ఆగేవి

పైపు ఊడితే వాల్వు కట్టేయండి. వాల్వు తుప్పుపట్టి తిరగకపోతే పైపు కొననే మడిచి తీగతో కట్టండి. పైపు చిరిగితే సైకిల్ ట్యూబు. ట్యూబుని రెండంగుళాల పీలికగా కోసి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేలా, లాగి లాగి చుట్టండి. రబ్బరు సాగి ఉన్నంతసేపే పనిచేస్తుంది, వదులుగా చుడితే దండగ. మీద చేపలు పట్టే నైలాన్ తాడు బిగించండి. ఇంజన్‌ని చల్లబరిచేది సముద్రపు నీళ్ళే అయితే ఒక ఉపాయం ఉంది: వాల్వు కట్టేసి, ఆ పైపు నోటిని బోటు అడుగునున్న నీళ్ళలో ముంచండి. ఇంజనే పంపు అయిపోతుంది. నోటికి జల్లెడలాంటిదేదో కట్టకపోతే గుడ్డపీలిక, చేప పొలుసు లోపలికెళ్ళి ఇంజన్ వేడెక్కి ఆగుతుంది. అప్పుడు రెండు ఇబ్బందులు.

గ్లాండ్ చుక్క చుక్కగా కారడం మామూలే, కారాలి కూడా. ధారగా వస్తే, ఇంజన్ ఆపి, రెండు నట్లనీ సమానంగా పావు పావు చుట్టు బిగించండి. ఒక పక్కే బిగిస్తే ఇంకా కారుతుంది. లోపలి ప్యాకింగ్ పూర్తిగా పోయి ఉంటే గ్రీజు దట్టంగా పట్టించిన గుడ్డని షాఫ్టు చుట్టూ చుట్టి, గ్లాండ్ నోటిలోకి దట్టించి తాడుతో బిగించండి. ఇంజన్ తాళం ఎవరి చేతుల్లో ఉందో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

చిల్లు

గుండ్రటి చిల్లుకి చెక్క బిరడా. మెత్తటి చెక్క కావాలి: పేకింగ్ పెట్టెల చెక్క, బూరుగు. టేకుతో చేస్తే కన్నం ఆకారానికి ఒదగదు. రంగు, వార్నిష్ వేయకండి, నీళ్ళు పీల్చి ఉబ్బడమే దాని పని. కొన పెన్సిల్ కంటే మొద్దుగా, పొడవుగా ఏటవాలుగా చెక్కండి. గుడ్డ చుట్టి పెట్టి, సుత్తితో నెమ్మదిగా నాలుగు దెబ్బలు. గట్టిగా కొడితే చిల్లు పెద్దదవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాకు తెలిసినవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. పొడుగ్గా పగిలిన బీటలోకి బిరడా కొట్టకూడదు. కట్టెని చీల్చాలంటే మనం గొడ్డలితో చేసేది ఇదే కదా? ఫైబర్ బోటులో బీటలోకి చెక్క దిగగొడితే రెండు చివరలా బీట పాకుతుంది. చెక్క పలకైతే నార వెంట తెరుచుకుంటుంది. తుప్పు తినేసిన ఇనుప రేకు మీద సుత్తి అసలు వద్దు, ఒక్క దెబ్బకి చెయ్యి పట్టేంత కన్నం.

బీటకి చెప్పు. హవాయి చెప్పు. నవ్వకండి. మెత్తగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు, వంపుకి ఒదుగుతుంది. బీటకంటే అన్ని పక్కలా రెండంగుళాలు పెద్దగా ఉండేలా చూసుకోండి. ఒక చెప్పు చాలకపోతే రెండు పక్కపక్కన. పట్టీలు పీకేస్తే వాటి కన్నాలు మూడు మిగులుతాయి, వాటిని బీట మీద పడనివ్వకుండా జరపండి. చెప్పు వెనక ప్లైవుడ్ ముక్క. ప్లైవుడ్ వెనక సరుగుడు కర్ర. కర్ర రెండో కొన ఎదురుగా ఉన్న దూలానికి గానీ, ఇంజన్ దిమ్మకి గానీ ఆనాలి. కర్రని కాస్త పొట్టిగా కోసి, ఆనిన చోట రెండు ఏటవాలు చెక్క ముక్కలు ఎదురెదురుగా దూర్చి కొట్టండి. కొట్టేకొద్దీ కర్ర బిగుస్తుంది, చెప్పు బీటకి అతుక్కుంటుంది. నీళ్ళ ధార చెమ్మగా మారుతుంది. అంతే చాలు, ఇంకో దెబ్బ కొట్టొద్దు.

అంచులు లోపలికి చీరుకుపోయిన పెద్ద కన్నమైతే చెప్పు కూర్చోదు. అప్పుడు దిండు. గోనెసంచిలో వల ముక్కలు, పాత చొక్కాలు కుక్కి, దాన్ని కన్నం మీద పెట్టి ప్లైవుడ్, కర్ర. రెండడుగుల లోతులో అడుగు చదరం కన్నం మీద సముద్రం 55 కిలోలకి పైగా బరువుతో తోస్తుంది. చేత్తో పట్టుకుంటా అని ఎవడైనా అంటే వాడి ఉత్సాహాన్ని మెచ్చుకుని కర్ర వెతకమనండి.

సన్నగా పొడుగ్గా ఉన్న కన్నానికి ఇంకో మంచి పద్ధతి. కన్నంలోంచి నిలువుగా బయటికి పోయేంత సన్నటి ప్లైవుడ్ ముక్క తీసుకుని, మధ్యలో కన్నం పెట్టి తాడు దూర్చి ముడెయ్యండి. ఒక వైపు ట్యూబు రబ్బరు అంటించండి. ముక్కని నిలువుగా బయటికి తోసి, అక్కడ అడ్డంగా తిప్పి, తాడు లాగండి. రబ్బరు వైపు బోటుకి ఆనుకుంటుంది. లోపల ఒక కర్రకి తాడు చుట్టి మెలితిప్పండి. ఇప్పుడు సముద్రమే దాన్ని తోసి పట్టుకుంటుంది. లోపలి అతుకుని నీళ్ళు ఊడగొట్టాలని చూస్తాయి, బయటి అతుకుని నీళ్ళే బిగిస్తాయి. తేడా అదే.

అందుకే చెయ్యి అందని చోటికి, మరీ పెద్ద పగులుకి బరకం (టార్పాలిన్). నాలుగు మూలలా తాళ్ళు కట్టి, కింది అంచుకి గొలుసు ముక్క కట్టి, ముందు నుంచి అడుగు కిందికి జార్చి, రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని చిల్లు దాకా వెనక్కి లాక్కురావాలి. ఇంజన్ కచ్చితంగా ఆపి ఉండాలి, తాడు ఫ్యానుకి చుట్టుకుందంటే పని మొదటికొస్తుంది. చిల్లు దగ్గరికి రాగానే నీళ్ళు బరకాన్ని లోపలికి పీలుస్తాయి, పైన తాళ్ళలో ఆ గుంజుడు తెలుస్తుంది. అప్పుడు బిగించి కట్టేయండి. ఇది కొత్త పద్ధతేం కాదు. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్ ఆస్ట్రేలియా పగడపు దిబ్బ మీద ఎక్కేసినప్పుడు, తెరచాపకి ఊలు, నార ముద్దలు కుట్టి ఇలాగే అడుగు కిందికి లాగి బయటపడ్డారు. తర్వాత ఒడ్డుకి చేర్చి చూస్తే, విరిగిన పగడపు ముక్క ఒకటి కన్నంలోనే బిరడాలా ఇరుక్కుని ఉంది. అదృష్టం కూడా కాస్త పనిచేసింది.

ఎపాక్సీ పుట్టీ గురించి అడుగుతారు. మనవాళ్ళు ఏ కంపెనీదైనా ఎం-సీల్ అనే అంటారు. బిరడా చుట్టూ మిగిలిన చెమ్మకి బాగుంటుంది. నీళ్ళలో కూడా గట్టిపడే రకం అని రాసి ఉన్నది కొనండి. గ్రీజు, నాచు ఉన్నచోట ఏదీ అంటదు, ముందు గీకాలి. పారే ధార మీద పెడితే అది గట్టిపడేలోపు సముద్రంలో ఉంటుంది.

చెక్క బోటు సందులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఒడ్డుకెక్కించిన చెక్క బోటు విశాఖ ఎండకి ఎండి పలకలు ముడుచుకుంటాయి. జూన్ 15న ఉత్సాహంగా దిగితే అన్ని సందుల్లోంచీ చెమటలా కారుతుంది. దీనికి భయపడక్కర్లేదు. దిగడానికి ముందు రెండు మూడు రోజులు లోపలా బయటా తడిపి ఉంచితే పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఎండిన సందులో నూలు గట్టిగా దట్టించడం మాత్రం పొరపాటు. పలక ఉబ్బినప్పుడు దానికి చోటు దొరక్క మేకులు పెకలించుకుని బయటికొస్తుంది.

సముద్రంలో ఉండగా సందు కారితే లోపల గ్రీజు పట్టించిన నూలుని మొద్దు కత్తితో ఒత్తండి, ఉలి వాడకండి. బయటినుంచి పాత ఉపాయం ఒకటుంది: గిన్నె నిండా రంపపు పొట్టు తీసుకుని, బోర్లించి నీళ్ళలోకి దించి, కారే సందు కింద వెల్లకిలా తిప్పి పొట్టుని వదలాలి. లోపలికి పోయే నీళ్ళు పొట్టుని లాక్కుని సందులో ఇరికిస్తాయి, అది ఉబ్బుతుంది. బోటు కదలకుండా ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది.

ఒడ్డు ఇంకా రెండు రోజుల దూరంలో ఉంటే

కర్ర దన్ను రెండు రోజులు నిలవదు, ఊగి ఊగి వదులవుతుంది. బోటులో సిమెంటు బస్తా ఉంటే అతుకు చుట్టూ చెక్కలతో పెట్టె కట్టి సిమెంటు పోయొచ్చు. సిమెంటు ఒక పాలు, ఇసక ఒక పాలు. కలిపే నీళ్ళలో చాకలి సోడా వేస్తే త్వరగా గట్టిపడుతుంది. కీలకం ఏమిటంటే, పెట్టె అడుగున ఒక చిన్న పైపు పెట్టి, చెమ్మగా వచ్చే నీళ్ళు అందులోంచి బయటికి కారనివ్వాలి. లేకపోతే ఆ నీళ్ళు పచ్చి సిమెంటుని తొలిచేస్తాయి. సిమెంటు గట్టిపడ్డాక పైపుకి బిరడా కొట్టండి.

కాపలా, వెనక్కి రావడం

అతుకు దగ్గర ఒక మనిషి. వాడికి వేరే పని చెప్పొద్దు. నీళ్ళ మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి పది నిమిషాలకోసారి చూడాలి. గీత మునిగితే ఓడిపోతున్నట్టు, తేలితే గెలుస్తున్నట్టు. రాత్రి నిద్రమత్తులో కళ్ళు మోసం చేస్తాయి, గీత చేయదు. వేగం తగ్గించి, దెబ్బతిన్న పక్కకి కెరటం తగలకుండా దారి మలుచుకుని రండి.

గీత మునుగుతూనే ఉంటే ఇసక తిన్నె మీదికి ఎక్కించెయ్యడం ఒక దారి. మన తీరంలో అన్నిచోట్లా ఇసకే అనుకోవద్దు. 2020 అక్టోబరులో తుపాను గాలికి బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చి కూర్చుంది, విశాఖవాళ్ళందరికీ గుర్తే. అక్కడి రాళ్ళ మీదికి చిన్న బోటు వెళ్తే కూర్చోదు, ముక్కలవుతుంది. మీరు వేటకెళ్ళే దారిలో ఎక్కడ ఇసక, ఎక్కడ రాయి, పగలు చూసి గుర్తుపెట్టుకోండి. ఎక్కించేటప్పుడు వెనక లంగరు వేసుకుంటూ, ముక్కు తిన్నగా ఒడ్డుకి పెట్టి వెళ్ళండి. అడ్డంగా తిరిగితే కెరటం బోర్లిస్తుంది.

మునిగినా బోటుని వదలొద్దు. గాలి అరలు బాగున్న ఫైబర్ బోటు నిండా నీళ్ళున్నా తేలుతుంది, వెతికేవాళ్ళకి తలకాయ కంటే బోటే కనపడుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ దీపం చేతికందేలా కనపడుతుంది. అందదు. ఈదుతానని ఎవరినీ బయల్దేరనివ్వకండి.

డబ్బాలో ఏముండాలి

మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము, ఇంజన్ గదిలో కాకుండా పైన. బరకం, ఇరవై మీటర్ల తాడు, రెండు సైకిల్ ట్యూబులు, నాలుగు సైజుల బిరడాలు, ప్లైవుడ్ ముక్కలు, గ్రీజు, నూలు, సుత్తి, చేతి రంపం, తలకి కట్టుకునే టార్చి, పుట్టీ. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఒక పూటలో కొనెయ్యొచ్చు. చెప్పులు ఎలాగూ కాళ్ళకే ఉంటాయి. ప్రతి వాల్వు పక్కనా దాని సైజు బిరడా ఒకటి తాడుతో కట్టి వేలాడదీయండి.

హార్బరు చేరగానే కొందరు కుర్రాళ్ళు ఉత్సాహంగా బిరడా పీకి చూస్తారు. జెట్టీ దగ్గర మునిగిన బోటు కూడా మునిగిన బోటే. ఒడ్డుకెక్కించి, నీళ్ళు వదిలి, అతుకు చుట్టూ మార్కరుతో బయటా లోపలా గుండ్రంగా గీసి, అప్పుడు తీయండి. లేకపోతే సన్నటి బీట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మేస్త్రీకి దొరకదు. ఫైబర్ అయితే పూర్తిగా ఆరేదాకా రెసిన్ పట్టదు, రెండు మూడు ఎండలు కాయనివ్వండి. రెసిన్ కలిపేటప్పుడు, దాన్ని గట్టిపరిచే కెటలిస్టునీ యాక్సిలరేటర్‌నీ ఒకదాంట్లో ఒకటి నేరుగా పోయకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే రెండోది.